మోకు వదిలింది మేమే

కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టే ఊళ్లలో మాదీ ఒకటి. ఎత్తయిన ప్రభ దారిలో ఒరిగిపోకుండా నాలుగు వైపులా మోకులు పట్టుకుని మనుషులు నడుస్తారు. ఒక్క వైపు పట్టు సడలినా ప్రమాదమే. చిన్నప్పటి నుంచి చూస్తున్న ఈ సంగతిని, మేం నడిపే వాట్సాప్ గ్రూపు దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాం.

ప్రభ పనుల కోసమే ఆ గ్రూపు పెట్టాం. చందాలెంత వచ్చాయి, కరెంటు తీగలు ఎప్పుడు దించుతారు, ఏ దారిన వెళ్లాలి, అంతవరకే మాట్లాడుకుందామన్నాం. ఆర్నెల్లు తిరక్కుండానే పొద్దుటి శుభోదయాలు, ప్లాట్ల ప్రకటనలు, నాయకుల పుట్టినరోజులు, రెండు పార్టీల తిట్లు వచ్చి చేరాయి. మేం నలుగురం అడ్మిన్లం. నలుగురం చూశాం. ఒక్కరమూ నోరెత్తలేదు.

ఒక శివరాత్రి నాడు మా ఊరి ముసలమ్మ కొండ కింద జనంలో తప్పిపోయింది. చూసినవాళ్లెవరో ఆమె నోట ఊరి పేరు విని, హైదరాబాదులో ఉద్యోగం చేసే మా కుర్రవాడికి ఫోటో పంపారు. అతను రాత్రి 9 గంటలకు గ్రూపులో పెట్టి, ఎక్కడుందో కూడా రాశాడు. అప్పుడక్కడ ఏ ప్రభ మీద ఏ నాయకుడి బొమ్మ పెద్దదన్న గొడవ నడుస్తోంది. ఫోటో దాని అడుగున పడిపోయింది. ఆమె కొడుకూ ఆ గ్రూపులోనే ఉన్నాడు. రోజూ ఆ గోల పడలేక ఎప్పుడో మ్యూట్‌లో పెట్టేశాడు. తెల్లవారుజామున 3 గంటలకు ఎవరో ఆ ఫోటో చూసేదాకా ఆ తల్లి చలిలో అలాగే కూర్చుంది. మమ్మల్ని చేదుకోమని కోటయ్య స్వామిని వేడుకుంటూ కొండెక్కినవాళ్లం, ఆమెను చేదుకోలేకపోయాం.

చేతిలో సాధనం లేక కాదు. అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపును మార్చే వీలు 2018లోనే వచ్చింది. ఇతరులు పెట్టిన దాన్ని అడ్మిన్ తీసేసే వీలు 2022లో వచ్చింది. మాకు లేనిది ధైర్యం. ఒకడి పోస్టు తీస్తే ఆ పార్టీ వాడివంటారని, కులం చూశావంటారని భయపడ్డాం. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ను నేరస్థుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పిన మాట చాటున దాక్కున్నాం. కోర్టు మమ్మల్ని శిక్షించదు, నిజమే. ఆ ముసలమ్మ ముఖం చూడలేకపోవడమే మాకు శిక్ష.

నోళ్లు నొక్కుతున్నారని కొందరంటారు. ఆ భయం అర్థం లేనిది కాదు. తనకు నచ్చని మాటనే తీసే అడ్మినూ ఉంటాడు. అందుకే కట్టుబాటు ముందే రాసి పెట్టాలి, అది అన్ని పార్టీలకూ ఒకటే కావాలి, తీసినప్పుడు కారణం చెప్పాలి. మిర్చి ధరలకూ కబుర్లకూ ఇంకో గ్రూపు ఉండాలి. రచ్చబండ మీద మాట పక్కదారి పడితే, ముందు వచ్చిన పని తేల్చమని పెద్దాయన ఎవరో గద్దించేవాడు. ఆయన మన నోరు నొక్కాడని ఎవరూ అనుకోలేదు. ఆ పెద్దరికాన్ని అడ్మిన్ అన్న పేరుతో తీసుకుని, పని మాత్రం వదిలేసింది మేమే.

అడ్మిన్లుగా ఉన్న అన్నలకూ అక్కలకూ ఒక మాట. మీ గ్రూపు ఎందుకు పెట్టారో ఇవాళ మళ్లీ రాయండి. దానికి చెందనిది ఎవరు పెట్టినా తీసేయండి, ముందుగా మీ సొంతవాళ్లు పెట్టింది.