పోలియోపై విజయము - సమష్టి నాయకత్వము

రోగమును పోగొట్టువాడు వైద్యుడని లోకము తలచుట సహజము. కాని ఒక రోగము దేశమునుండియే తొలగిపోవలెనన్నచో వైద్యుడొక్కడు చాలడు. భారతదేశము పోలియోను జయించిన తీరే ఇందులకు నిదర్శనము.

2009లో మన దేశమున 741 మంది ఈ వ్యాధి వాతబడిరి. మరుసటి యేడాది ఆ సంఖ్య 42కు దిగెను. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో ఒక పసిపాపకు కాళ్లు చచ్చుబడెను. సహజ పోలియో వైరసు వలన ఈ దేశమున వ్యాధి సోకిన తుది సందర్భమదియే. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతము పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించెను.

ఈ విజయము ఏ ఒక్కరిదియు కాదు. 1995లో పల్స్ పోలియో కార్యక్రమమును ప్రభుత్వము ప్రారంభించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారముతో 1997లో నిఘా వ్యవస్థ ఏర్పడెను. పదునైదేండ్లలోపు పిల్లలలో ఎవరికి హఠాత్తుగా కాలుసేతులు చచ్చుబడినను, ఆ వార్త దానికి చేరవలసినదే. మల నమూనాలు ప్రయోగశాలకు పోవలసినదే. రోటరీ సంస్థ నిధులు కూర్చెను. ప్రజలకు నచ్చజెప్పు భారమును యునిసెఫ్ వహించెను.

ఐనను ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాలలో అపోహలు వ్యాపించి అనేక గృహముల తలుపులు మూతబడెను. వానిని వైద్యశాస్త్రము తెరువలేకపోయెను. ఆ వీధిలోనే నివసించు స్త్రీలు, మతపెద్దలు, ఉపాధ్యాయులు తెరచిరి. 'బులావా టోలీ' అను పేర బడిపిల్లలు గుంపులుగా ఇల్లిల్లు తిరిగి చిన్నారులను చుక్కలమందు కేంద్రములకు పిలుచుకొనివచ్చిరి.

కార్యకర్త సుద్దముక్కతో తలుపుపై వ్రాసిన 'ఎక్స్' గుర్తునకు, ఇంకను మందు పడని బిడ్డ ఆ యింట గలదని అర్థము. ఆ ఇండ్ల లెక్క పై అధికారులకు చేరెడిది. అచటికి మరల మనుష్యులు పోయెడివారు. అనగా జిల్లా కలెక్టరు నిర్ణయమునకు ఆధారము ఒక సామాన్య కార్యకర్త వ్రాసిన గుర్తు. క్రిందివారు చెప్పిన చేదు నిజమును పైవారు కోపగింపక వినుటయే ఇచట నాయకత్వమైనది. తప్పిన ఇంటిని దాచిపెట్టి కాగితముపై నూటికి నూరు చూపియుండినచో వ్యాధి నేటికిని మనలను వీడి యుండెడిది కాదు.

ఈ పాఠము నేటికిని అవసరమే. పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ దేశములలో సహజ పోలియో ఇంకను తొలగలేదు. మన గ్రామములలో ఇంటింటి ఆరోగ్య సమాచారమెరిగినవారు ఆశా కార్యకర్తలు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిని సత్కరించెను. కాని ప్రభుత్వ లెక్కలలో వారు స్వచ్ఛంద సేవకురాండ్రే. వారికి దక్కునది పారితోషికమే గాని ఉద్యోగుల జీతము కాదు. ఒకే బండిని లాగుమని చెప్పి, ఒకరికి మాత్రమే మేత వేయుట న్యాయము కాదు. సమష్టి కృషి యనునది సభలలో పొగడ్తగా నిలిచిపోరాదు. పనిలో భాగమున్నవారికి ఆలోచనలోను, గౌరవములోను, వేతనములోను భాగముండవలెను. అట్లుండిననాడే తరువాతి వ్యాధి వచ్చినప్పుడు సుద్దముక్క పట్టుటకు చేతులు ముందుకు వచ్చును.