బొగ్గుగడ్డ బాలలకు కథలేవి?

పదేండ్లకును పదమూడేండ్లకును నడిమి వయస్సున బాలబాలికల మనస్సులో "నేనెవరిని?" అను ప్రశ్న మొలకెత్తుట సహజము, ఆ ప్రశ్నకు తోడు నిలువదగిన కథలు మన భాషలో ఇంత విరళముగ నుండుట మాత్రము సహజమని నేనంగీకరింపజాలను.

రామగిరి ఖిల్లాకు చేరువన, సింగరేణి బొగ్గుగనుల సెంటినరీ కాలనీ క్వార్టర్లలో పెరుగుచున్న బిడ్డలను తలంచుకొనుడు. తండ్రి షిఫ్టునుబట్టి నిద్రాహారముల వేళలు మారు ఇండ్లవి. ఒకని తాత చుట్టుపట్ల పల్లెనుండియు, మరొకని తాత సర్కారు జిల్లాలనుండియు, వేరొకని తాత ఉత్తరప్రదేశమునుండియు బొగ్గుబాయి పనికి వచ్చి నిలిచినవారగుటచే, ఇంట నొక యాసయు బడిలో నొక యాసయు పిల్లలకు అలవాటైనవి. సొంతూరు ఓపెన్‌కాస్టు క్రింద పోగా పునరావాస కాలనీలో పెరుగు పిల్లవానిని "మీదే ఊరు?" అని అడిగినచో, లేని ఊరి పేరు చెప్పవలెనా, ఉన్న కాలనీ పేరు చెప్పవలెనా? ఇక బాలికల ప్రశ్న వేరొకటి. 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భమున పనిచేయనీయకుండెను. 2019లో ఆ నిషేధము సడలినది. కనుక నేడొక బాలిక "నాయన దిగిన బాయిలో నేనేల దిగరాదు?" అని యడుగుటకు చట్టమడ్డు కాదు. అట్లడిగిన బాలిక కథానాయికగా నున్న పుస్తకమేది?

మన బాలసాహిత్యమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. 1947లో వెలసిన చందమామ తెలుగు బిడ్డలకెంత భాషను, ఎంత కల్పనను ప్రసాదించెనో తెలియనిదెవ్వరికి? అయినను ఆ జానపద సంప్రదాయమున, తప్పిపోయిన రాజకుమారుడు తానెవరో తాను వెదకికొనడు; కథాంతమున ముద్రుటుంగరమో పుట్టుమచ్చయో చూచి పెద్దలు తేల్చిచెప్పుదురు. ఉంగరమును లేని, మచ్చయు లేని బిడ్డ గతి యేమి? ఈ కొఱతను గుర్తించిన హైదరాబాదులోని అన్వేషి సంస్థ, భిన్న కుటుంబముల బాల్యమును వస్తువుగా గొన్న కథల మాలను వెలువరించినది. అందు ఖదీర్‌బాబు ముస్లిం ఇంటి తలకాయ కూర ముచ్చటను, ఎం.ఎం. వినోదిని రెండు పేర్లు గల బాలుని కథను చెప్పిరి. ఆ బాట విస్తరింపవలసినంత విస్తరింపలేదు.

మగపిల్లవాడని పిలువబడుచు, తాను ఆడపిల్లనని లోలోన తలంచు బిడ్డ విషయము మఱింత సున్నితము. తమ లింగమును తామే నిర్ణయించుకొను హక్కు ట్రాన్స్‌జెండరులకు గలదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పినది. ట్రాన్స్‌జెండరు రచయిత్రి రేవతి ఆత్మకథను పి. సత్యవతి తెలుగు చేసి, అనువాదమునకు సాహిత్య అకాడమీ పురస్కారమందిరి. కాని అది పెద్దల గ్రంథము. ఆరవ తరగతి బిడ్డ అంతదనుక ఒంటరిగ వేచియుండవలెనా? ఇట్టి కథలు లేనిపోని సందేహములు పుట్టించునని తలిదండ్రులు భయపడుదురు. వారి భయము ప్రేమజనితమే; నేను దానిని గౌరవింతును. అయితే సందేహము పుస్తకముకంటె ముందే పుట్టియున్నది. పుస్తకము లేనిచోట బిడ్డకు మిగులునది తోటివారి ఎగతాళి యొక్కటే.

ఈ బొగ్గుగడ్డ ప్రజల బ్రదుకును అల్లం రాజయ్య వంటి సమర్థులు పెద్దల కొఱకు చిత్రించిరి. సింగరేణి పాఠశాలల గ్రంథాలయములు ఇక పిల్లల కొఱకు అట్టి పుస్తకములను వ్రాయింపవలెను. పూనుకొను రచయితలు ముందుగా ఆ పిల్లలు వ్రాసికొన్నవి చదివి, వారి యాసను దిద్దక అచ్చువేయింపవలెనని కోరుచున్నాను.