ఆగుట, ఆపుట, మానుట

విజయవాడ వన్ టౌన్‌లో 'స్టాప్' అనే ఆంగ్లపదం తెలియనివారు అరుదు. కాళేశ్వరరావు మార్కెట్‌కు కూరగాయలు తెచ్చే రైతుకూ, రిక్షా కార్మికునికీ అది సొంతమాటే. ఆ పేటకే ఆంగ్లనామం స్థిరపడినప్పుడు, బస్సు ఆగే చోటును 'బస్ స్టాప్' అనడం తప్పని వాదించడం వృథా.

భాషల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం సహజం. 1855లో బెజవాడ వద్ద కృష్ణానదిపై పూర్తయిన కట్టడాన్ని ఆంగ్ల ఇంజనీర్లు 'అనికట్' అన్నారు. అది మన 'ఆనకట్ట'కూ, తమిళుల 'అణైక్కట్టు'కూ చుట్టమైన మాట. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినప్పుడు, ఫ్రెంచి మూలంగల 'బ్యారేజి' మన వాడుకలో చేరింది. ఈ రాకపోకల వల్ల ఏ భాషా చిన్నబోలేదు.

అయితే పదాన్ని స్వీకరించడం వేరు, ఉన్న పదాలను దానికి బలిచేయడం వేరు. ఆంగ్లంలో 'స్టాప్' ఒక్కటే తానుగా నిలిచిపోవడాన్నీ, మరొకదానిని నిలపడాన్నీ, అలవాటును విడవడాన్నీ తెలుపుతుంది. 'స్టాప్డ్ టాకింగ్' అంటే మాట్లాడడం ఆపాడని, 'స్టాప్డ్ టు టాక్' అంటే మాట్లాడడానికి ఆగాడని అర్థం. అక్కడ తరువాతి పదం చేసే పనిని తెలుగులో క్రియయే చేస్తుంది. జరుగు, జరుపు అన్నట్లే ఆగు, ఆపు. బండి ఆగుతుంది, బండివాడు ఆపుతాడు. ఇక ఇష్టపూర్వకంగా విడిచిపెట్టడానికి 'మాను' ఉంది. బ్యారేజి నీటిని ఆపి ఏలూరు, బందరు, రైవస్ కాలువలకు మళ్లిస్తుంది. అంతమాత్రాన కృష్ణ ప్రవహించడం మానిందని ఎవరూ అనరు.

ఈ భేదం వ్యాకరణానికే పరిమితం కాదు. ఒక బాలిక కళాశాలకు రావడం లేదనుకుందాం. 'చదువు మానింది' అంటే నిర్ణయం ఆమెది. 'చదువు ఆగింది' అంటే పేదరికమో, అనారోగ్యమో అడ్డుపడింది. 'చదువు ఆపించారు' అంటే పెద్దలు బాధ్యులు. 'స్టడీస్ స్టాప్ అయ్యాయి' అన్నప్పుడు ఈ మూడూ ఒకే ముసుగులో దాగిపోతాయి. ఎవరి వల్ల ఆగిందో తెలియని చదువును తిరిగి సాగించే మార్గమూ తెలియదు. ఫీజు కట్టలేక ఆగిన చదువుకు సహాయం కావాలి. పెద్దలు ఆపించిన చదువుకు వారిని ఒప్పించే మాట కావాలి. తానే మానిన విద్యార్థికి దానిపై ఆసక్తి కలిగించాలి.

కనుక విద్యార్థులు 'స్టాప్'ను ద్వేషించనక్కరలేదు. బస్సుకూ రహదారికీ అది చాలు. మనిషి జీవితంలో ఏదైనా నిలిచినప్పుడు మాత్రం అది ఆగిందా, ఆపించారా, మానారా అని తెలుగులో అడిగి తెలుసుకోవడం అవసరం.