కాటన్ అను ఇంటిపేరు

గోదావరి సీమలో కాటన్ దొరవారి పేరెరుగని గృహము అరుదు. ఆ పేరు ప్రత్తినుండి వచ్చినదని మన విద్యార్థులు పలువురు తలచుచున్నారు. అది సరికాదు. ప్రత్తిని తెలుపు ఆంగ్లపదమునకు మూలము అరబ్బీ భాష. ఈ ఇంటిపేరో, ప్రాచీనాంగ్లమున గుడిసెను తెలుపు 'కాట్' అను పదమునుండి పుట్టినది. 'గుడిసెల యొద్ద' అని దాని యర్థము. ఇంగ్లండులో అట్టి పేరుగల గ్రామములు పెక్కు గలవు. ఊరి పేరే ఊరివారికి ఇంటిపేరయ్యెను. మనలోను ఇట్టి ఇంటిపేర్లు తక్కువా?

ఆ పేరుగలవారిలో సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) ప్రాచీన లిఖిత గ్రంథములను సేకరించి కాపాడెను. 'బేవుల్ఫ్' కావ్యమునకు మిగిలిన ఏకైక లిఖితప్రతి ఆయన భాండారములోనిదే. బోధకుడగు జాన్ కాటన్ 1633లో అమెరికాలోని బోస్టన్ నగరమునకు వలసపోయెను. సర్ ఆర్థర్ కాటన్ (1803–1899) ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టించి, క్షామమున క్రుంగిన సీమను సస్యశ్యామలము చేసెను. నేడచట నున్న బ్యారేజి ఆయన పేరనే పిలువబడుచున్నది.

గుడిసెల పేరు వీరిలో నెవరికిని చిన్నతనము కాలేదు. అయినను తోటి బాలుని ఇంటిపేరు విని ముఖము చిట్లించువారును, దానినిబట్టి వాని కులము నారయువారును మన పాఠశాలలలో లేకపోలేదు. ఇంట పెద్దలాడిన మాటయే పిల్లలు బడిలో పలుకుదురు. కావున తల్లిదండ్రులకు మా మనవి యిది: హాజరుపట్టీలో ఇంటిపేరు వ్రాయుట బాలుని గుర్తించుటకే, దానితో వానిని తూచుట తగదని మీ బిడ్డలకు ఇంటనే నేర్పుడు.