పిస్తోలుపై ఎర్ర చుక్క... గురి కుదిరేనా?

హైదరాబాద్‌: న్యూయార్క్‌లోని ఎంపైర్‌ స్టేట్‌ భవనం ఎదుట 2012 ఆగస్టు 24న ఇద్దరు పోలీసులు ఒక హంతకుడిపై 16 తూటాలు పేల్చారు. హంతకుడు నేలకూలాడు. దారినపోయే తొమ్మిది మంది గాయపడ్డారు. ఆ తొమ్మిది మందికీ తగిలినవి పోలీసుల తూటాలు, వాటి తునకలే. అంతకు నాలుగేళ్ల ముందే, 2008లో, రాండ్‌ పరిశోధన సంస్థ అదే నగర పోలీసుల కాల్పుల లెక్కలు తీసింది. 1998-2006 మధ్య ఎదురుకాల్పులు జరిగిన సందర్భాల్లో పోలీసుల తూటాల్లో లక్ష్యాన్ని తాకినవి సగటున 18 శాతం. అవతలి వ్యక్తి కాల్పులు జరపనప్పుడు సైతం ఆ సగటు 30 శాతమే. మిగిలిన తూటాలు ఎక్కడికి వెళ్లినట్లు?

అమెరికా పోలీసు శాఖలు పిస్తోళ్లకు ‘రెడ్‌ డాట్‌’ గురి సాధనాలను అనుమతించడాన్ని ఈ ప్రశ్న వెలుగులోనే చూడాల్సి ఉంటుంది. సాధనం కొత్తదేమీ కాదు. అద్దంపై వెలుగును ప్రతిఫలింపజేసి గురి చూసే పద్ధతికి ఐర్లండ్‌కు చెందిన హోవర్డ్‌ గ్రబ్‌ 1900లోనే పేటెంటు పొందారు. స్వీడన్‌ సంస్థ ఎయిమ్‌పాయింట్‌ 1975లో ఎలక్ట్రానిక్‌ రెడ్‌ డాట్‌ను బజారుకు తెచ్చింది. రైఫిళ్లపై అది స్థిరపడి చాలా కాలమైంది. చిక్కంతా పిస్తోలు దగ్గరే వచ్చింది.

పాత పద్ధతిలో గురి చూడాలంటే బ్యాక్‌ సైట్‌ గంటు, ఫోర్‌ సైట్‌ టిప్‌, ఎదుటి లక్ష్యం ఒకే వరుసలోకి రావాలి. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. మానవ నేత్రం ఒకేసారి ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. అందువల్ల ఫోర్‌ సైట్‌పై చూపు నిలపాలని శిక్షకులు బోధిస్తారు. ప్రాణభయం ముంచుకొచ్చిన క్షణంలో మాత్రం మనిషి చూపు ఎదుటివాడి చేతులను వదిలి రాదు. పైగా నలభై దాటాక చత్వారం వచ్చిన పోలీసుకు చేతికొసన ఉన్న ఆ మొన మసకబారుతుంది. రెడ్‌ డాట్‌లో చిన్న దీపపు కాంతి పూత పూసిన అద్దంపై పడి కంటికి తిరిగి వస్తుంది. చుక్క లక్ష్యం ఉన్న దూరంలోనే ఉన్నట్లు తోస్తుంది. చూపును లక్ష్యంపై నిలిపితే చాలు. అయితే ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి అదే చుక్క చెదిరిన మరకలా కనిపిస్తుంది. ఈ సంగతి అమ్మకందారుల ప్రచారంలో అంతగా వినిపించదు.

చెక్కడమా, పలక బిగించడమా?

రైఫిల్‌పై ఈ సాధనం కదలని భాగం మీద కూర్చుంటుంది. పిస్తోలులో కూర్చోవలసింది స్లైడ్‌ మీద. తూటా పేలిన ప్రతిసారీ స్లైడ్‌ వేగంగా వెనక్కి దూసుకెళ్లి, ఆగి, మళ్లీ ముందుకు కొట్టుకుంటుంది. ఆ కుదుపు మొత్తం అద్దం మీద, బ్యాటరీ మీద, రెండు చిన్న మరల మీద పడుతుంది. దీనిని తట్టుకోగల పొందికైన నమూనాగా 2009లో వచ్చిన ట్రిజికాన్‌ ఆర్‌ఎంఆర్‌ పేరు పొందింది. అప్పటికి కర్మాగారం నుంచి వచ్చే సాధారణ సర్వీసు పిస్తోళ్లలో దాని కోసం చోటు లేదు. దాంతో యజమానులు స్లైడ్‌ను విప్పి మిల్లింగ్‌ యంత్రమున్న గన్‌స్మిత్‌కు పంపడం మొదలైంది.

పని చూడటానికి చిన్నది. స్లైడ్‌ పైభాగంలో సాధనం అడుగు కొలతకు సరిగ్గా గుంత చెక్కి, మరలకు రంధ్రాలు వేసి, తుప్పు పట్టకుండా తిరిగి పూత వేస్తారు. అసలు కష్టం గుంత అడుగున ఉంది. అక్కడే ఫైరింగ్‌ పిన్‌, దాని భద్రతా ఏర్పాటు, ఎక్స్‌ట్రాక్టర్‌కు సంబంధించిన భాగాలు కదులుతుంటాయి. గుంత లోతు మించినా, మర కాస్త పొడవైనా తుపాకీ పనితీరే దెబ్బతింటుంది. చెక్కేసిన ఉక్కు మళ్లీ రాదు. తయారీదారు ఇచ్చిన వారంటీ సైతం పోవచ్చు.

ఈ గిరాకీని కంపెనీలు గమనించాయి. గ్లాక్‌ సంస్థ 2015లో ముందే చెక్కిన స్లైడ్‌తో, మార్చుకోగల పలకలతో ఎంఓఎస్‌ నమూనాలను విడుదల చేసింది. అమెరికా సైన్యం 2017 జనవరిలో ఎంపిక చేసిన సిగ్‌ సావర్‌ పీ320 ఆధారిత ఎం17 పిస్తోలులోనూ ఈ ఏర్పాటు ఉంది. పలక వల్ల ఏ కంపెనీ సాధనమైనా బిగించుకోవచ్చు. అయితే పలకకూ స్లైడ్‌కూ మధ్య ఒక అతుకు, పలకకూ సాధనానికీ మధ్య మరో అతుకు. అతుకు పెరిగిన కొద్దీ మర వదులయ్యే అవకాశమూ పెరుగుతుంది. నేరుగా చెక్కిన గుంతలో సాధనం కిందికి, గట్టిగా కూర్చుంటుంది. కాకపోతే ఆ తుపాకీ ఒకే కొలతకు కట్టుబడిపోతుంది. కంపెనీకో కొలత పెట్టుకున్న పాపానికి భారం మోస్తున్నది కొనేవారే.

చుక్క ఉన్నంత మాత్రాన తూటా దారి తప్పదనుకోవడం పొరపాటు. కొత్తగా వాడేవారికి పిస్తోలు ఎత్తగానే చుక్క కనిపించదు, అద్దంలో వెతుక్కుంటారు. మణికట్టు కోణం అలవాటయ్యేదాకా ఈ ఆలస్యం తప్పదు. వాన చినుకు దీపంపై పడితే చుక్క చెదురుతుంది. చీకటి, పరుగు, జనం గుమిగూడిన వీధి... ఇవేవీ అద్దంతో మారవు. కాల్చాలా వద్దా అన్న నిర్ణయం అసలే మారదు.

ఇక్కడి చట్టం వేరు

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో తుపాకీ కొన్నవారికి ఈ మార్పులు దుకాణంలో జరిగే మామూలు పనిగా కనిపించవచ్చు. భారతదేశంలో అలా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్‌ కింద తుపాకుల తయారీకే కాక మార్పిడికీ, మరమ్మతుకూ లైసెన్సు ఉండాలి. 2019 సవరణ అనంతరం ఈ సెక్షన్‌ను ఉల్లంఘిస్తే కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. వీధి చివరి లేత్‌ షాపులో స్లైడ్‌ చెక్కించుకుందామనుకునే లైసెన్సుదారు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి.

క్రీడలోనూ దారులు వేరు. అమెరికా ప్రాక్టికల్‌ షూటింగ్‌ పోటీల్లో రెడ్‌ డాట్‌కు ప్రత్యేక విభాగాలున్నాయి. ఒలింపిక్‌ పిస్తోలు పోటీలకు వర్తించే ఐఎస్‌ఎస్‌ఎఫ్‌ నిబంధనల్లో అద్దాల గురి సాధనాలు నిషిద్ధం. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల విభాగంలో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచిన హైదరాబాద్‌ యువతి ఈషా సింగ్‌ సాధించినదంతా గంటు, మొనలతోనే.

ఇక పోలీసుల విషయానికొస్తే, ఇషాపూర్‌ కర్మాగారపు 9 ఎంఎం ఆటో పిస్తోలు బ్రౌనింగ్‌ హై పవర్‌ నమూనాకు చెందినది. దాని స్లైడ్‌పై సాధనానికి చోటు లేదు. ఏ రాష్ట్ర శాఖైనా రేపు ఈ బాట పట్టాలంటే కొత్త పిస్తోళ్లతో పాటు అద్దానికి చోటున్న కొత్త హోల్‌స్టర్లు, బ్యాటరీలు, మరలు తనిఖీ చేసే ఆర్మరర్లు, ఒక్కో కానిస్టేబుల్‌కు సాధనకు సరిపడా తూటాలు బడ్జెట్‌లో చూపాలి. వీటిలో ముందుగా కోత పడేది సాధన తూటాలకే.