ఒక పన్ను - దానికి కట్టే పన్ను

విద్యార్థి సంఘం మిత్రులు సంచికకు వ్యాసం అడిగినప్పుడు, "విజ్ఞానశాస్త్రం - మానవ ప్రగతి" వంటి శీర్షిక ఒకటి పెట్టి నాలుగు పెద్ద మాటలు రాసిచ్చేద్దామనుకున్నాను. తర్వాత మనసొప్పలేదు. పోయిన వేసవి సెలవుల్లో మా ఇంటి ముందర నాకు జరిగిన పరాభవం ఒకటి నేనింకా మరిచిపోలేదు. దాన్నే రాస్తున్నాను. దాని వెనక నాకొక అభిప్రాయం కూడా ఉంది. ఒప్పుకోని వారు హాస్టలు మెస్సులో నాతో వాదించవచ్చు.

మాది పలమనేరు పక్క ఒక పల్లె. ఆ పక్క రోడ్డంటే చదునుగా ఉండేది కాదు. ఎక్కుడు, దిగుడు, మళ్ళీ ఎక్కుడు. మాకు మూడెకరాల సేద్యం, నాలుగు ఆవులు. మా అన్న ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేశాడు. ఆపేశాడని రాయడం న్యాయం కాదు. నన్ను చదివించడానికి ఆపుకున్నాడు. ఊళ్ళో పాలు పోగుచేసి, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న పాలకేంద్రానికి పొద్దునా సాయంత్రం మోటారు సైకిల్ మీద తోలుతాడు. వంద సీసీ బండి. అటు రెండు, ఇటు రెండు ఇరవై లీటర్ల క్యాన్లు. పాలూ క్యాన్లూ కలిసి సుమారు 100 కిలోలు, బండి 110, మా అన్న 60. మొత్తం 270 కిలోలు.

దారిలో గంగమ్మ గుడి దగ్గర ఒక ఎక్కుడుంది. పది అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేస్తుంది. అక్కడ బండి మూడో గేరులో చచ్చిపోతుంది. రెండో గేరులోకి దించితే ఇంజను గగ్గోలు పెడుతుంది, నడక నడిచినట్టు పోతుంది. వెనక పాలు విరుగుతాయేమోనన్న తొందర. అందుకని మా అన్న మూడో గేరులోనే ఉంచి, క్లచ్ సగం పట్టుకుని ఈడ్చేవాడు. ఫలితం, ఏడాదిలో రెండుసార్లు క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. ప్లేట్లు మార్చిన ప్రతిసారీ దాదాపు వారం పాల డబ్బులు పోయినట్టే.

సెలవులకు పోయిన మూడో రోజు సాయంత్రం, బండి ముందర కూర్చుని మా అన్న అడిగాడు.

"ఏమిరా, ఫిజిక్సు చదవతా ఉండావు గదా. ఇది ఎందుకు లాగలేదో చెప్పు."

"టార్కు చాలడం లేదన్నా."

"అది నాకూ తెలుసు. ఏం చెయ్యల్ల?"

నా దగ్గర సమాధానం లేదు. మెకానిక్స్ పేపరులో నాకు వచ్చిన మార్కులు ఇక్కడ చెప్పను, సిగ్గుచేటు.

మర్నాడు పలమనేరులో మెకానిక్ దగ్గరికి పోయాం. ఆయన్ను అందరూ భాయ్ అంటారు. ఐదో తరగతి దాటలేదని ఆయనే చెప్పుకుంటాడు. చైన్ కవరు ఊడదీసి ఒక్క చూపు చూసి, "ముందర పధ్నాలుగు పండ్లుండాయి. పదమూడు వేద్దాం. బండికి పవర్ వస్తుంది" అన్నాడు. నేను చెప్పలేకపోయిన జవాబు ఆయన ఒక నిమిషంలో చెప్పాడు. పరాభవం అంటే ఇదే.

అయితే ఆయన మాటల్లో ఒక్కటి తప్పు. అది "పవర్" అనే మాట. నా అభిప్రాయమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. గేర్‌బాక్సు నుంచి బయటికి వచ్చే ఇరుసు మీద చిన్న స్ప్రాకెట్, వెనక చక్రానికి పెద్ద స్ప్రాకెట్, రెంటినీ కలుపుతూ చైను. మా బండికి ముందర 14 పళ్ళు, వెనక 42. అంటే ముందరిది మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ముందర 13 వేస్తే 42ను 13తో భాగించాలి: 3.23. చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజను మునుపటికంటే నూటికి 7.7 వంతులు ఎక్కువ తిరగాలి. చక్రం దగ్గర లాగుడు కూడా అంతే, నూటికి 7.7 వంతులు, పెరుగుతుంది. గంగమ్మ గుడి ఎక్కుడులో 270 కిలోల బండిని ఎక్కించడానికి వాలుకే 27 కిలోల బరువంత లాగుడు కావాలి. చక్రాల రాపిడి వేరు. మూడో గేరు ఆ గీతకు కొంచెం కింద ఆగిపోతోంది. ఆ కొంచెమే ఈ ఒక్క పన్ను ఇస్తుందన్నమాట.

మరి పోయేదేమిటి? ఇంజను అదే వేగంతో తిరుగుతున్నప్పుడు బండి వేగం 14కు 13 వంతులే ఉంటుంది. చదును రోడ్డు మీద 60 పోయే చోట 56 కూడా రాదు. ఇంజను ఒక నిమిషంలో చేయగల పని మాత్రం చైను మార్చినా, పళ్ళు మార్చినా, వెంట్రుకవాసి కూడా పెరగలేదు. దాన్నే కదా మనం క్లాసులో పవర్ అని రాసుకున్నాం! లాగుడు పెరిగింది, వేగం తగ్గింది. రెంటినీ గుణిస్తే వచ్చేది అదే. తెలుగులో దంతానికీ, సర్కారుకు కట్టే శిస్తుకూ ఒకే మాట ఉండడం ఊరికే కాదనిపించింది. ప్రతి పన్నుకూ పన్ను కట్టాల్సిందే.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 1600 ప్రాంతంలో గెలీలియో పదువా విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడే, యంత్రాలతో ప్రకృతిని మోసం చేయవచ్చనుకునే పనివాళ్ళ భ్రమను ఎత్తిచూపి, బలంలో కలిసొచ్చినది కాలంలోనో దూరంలోనో పోతుందని రాశాడు. ఇప్పటి సైకిళ్ళ, మోటారు సైకిళ్ళ చైన్లకు మూలమైన బుష్ రోలర్ చైనును హాన్స్ రెనాల్డ్ మాంచెస్టరులో తయారుచేసింది 1880లో. ఇవన్నీ నాకు పుస్తకంలో తెలుసు. మా అన్న బండి ముందర మాత్రం గుర్తుకు రాలేదు.

పొద్దున్నే లెక్కను మా నాయనకు వివరించబోయాను. రెండు వాక్యాలు చెప్పేసరికే, "అంటే చెరుకు గానుగ దూలం పొడుగు చేసినట్టే గదా" అన్నాడు. ఆయన చిన్నప్పుడు ఎద్దులతో తిప్పే గానుగ ఉండేదట. దూలం పొడుగైతే ఎద్దుకు భారం తగ్గుతుంది. అయితే అది తిరగాల్సిన చుట్టు పెద్దదవుతుంది, రసం దిగడం ఆలస్యమవుతుంది. "ఎద్దు మారలేదు గదరా, ఎట్లా ఎక్కువ పని చేస్తుంది?" అని ఆయనే ముగించాడు. నేను రాత్రంతా రాసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పదమూడు పళ్ళది వేయించాం. వెనకది పెంచినా ఇదే ఫలితం వస్తుంది; ముందర ఒక పన్ను తగ్గించడం, వెనక మూడు పళ్ళు పెంచి 45 చేయడం దాదాపు సమానం. కానీ వెనక మూడు పెంచితే ఉన్న చైను చాలకపోవచ్చు. ముందర ఒకటి తగ్గిస్తే, అరంగుళం లింకుల చైను గనక, వెనక ఇరుసును 3 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే సరిపోతుంది. పాత చైను సాగిపోయి ఉంటే కొత్త పళ్ళను అది తినేస్తుందని భాయ్ చెబితే, మా అన్న గొణుగుతూనే చైను కూడా మార్పించాడు. చిన్న స్ప్రాకెట్ మీద చైను మరింత వంగుతుంది, కాబట్టి అరుగుదల కొంత ఎక్కువే. అదీ పన్నులో భాగమే.

ఏడాది కావస్తోంది. గుడి ఎక్కుడు ఇప్పుడు మూడో గేరులో, క్లచ్ ముట్టకుండా ఎక్కుతున్నాడు. ప్లేట్లు మళ్ళీ మార్చలేదు. దిగుడులో గ్యాసు వదిలితే ఇంజను పట్టు కూడా ఆ మేరకు పెరిగింది. ఖాళీ క్యాన్లతో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం బైపాసులో బండి ఇంకో గేరు అడుగుతున్నట్టు మొరపెడుతుందట. పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతోంది. "అయినా పర్వాలేదు, నాకు పని ఎక్కుడులో" అన్నాడు. పన్ను ఎంతో తెలిసి కట్టినవాడి మాట అది.

ఇక మన హాస్టలు సంగతి. మన మిత్రుల్లో కొందరు దీనికి ఎదురు పని చేశారు. "టాప్ పెరుగుతుంది" అని ఎవరో చెబితే 14 తీసి 15 వేయించారు. కాగితం మీద నూటికి 7 వంతులు వేగం పెరగాలి నిజమే. కానీ గాలిని చీల్చడానికి కావలసిన పవరు వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 15ను 14తో భాగించి ఘనం చేయండి: 1.23. అంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ పవరు కావాలి. ఉన్నదే ఎనిమిది గుర్రాల ఇంజను. అది ఎక్కడి నుంచి తెస్తుంది? వాళ్ళ బండి నాలుగో గేరులో మునుపటి వేగాన్ని కూడా అందుకోలేదు. గేటు దగ్గర ఇద్దరు ఎక్కితే కదలడానికే క్లచ్ కాలిన వాసన. వాళ్ళు తిట్టింది మెకానిక్కును. నిజానికి తిట్టవలసింది, ముగ్గురూ బీయస్సీ చదువుతూ కూడా ఆ భాగాహారం చేయని తమను తాము.

దీన్నిబట్టి నాకు తోచింది ఇది. స్ప్రాకెట్ మార్చడం తప్పు కాదు. 14కు 42 అన్నది వేదవాక్కు కాదు. పట్నంలో ఆఫీసుకు పోయేవాడికీ, పాలు తోలేవాడికీ, ఇద్దరికీ కొంత కొంత సరిపడేలా ఎవరో కంపెనీ ఇంజనీరు కుదిర్చిన రాజీ. తన దారీ, తన బరువూ తెలిసినవాడు ఆ రాజీని తనవైపు కొంచెం జరుపుకోవచ్చు. కాకపోతే ఏమి ఇచ్చి ఏమి తీసుకుంటున్నాడో ముందే తెలియాలి. ఇంకొకటి, పళ్ళు మారితే లాగుడు మారుతుందే గాని బ్రేకులు మారవు. లాగుతోంది కదా అని ఇంకో రెండు క్యాన్లు తగిలిస్తే, దిగుడులో లెక్క తప్పుతుంది. మా అన్నకు ఇది గట్టిగా చెప్పాను. పాలు మిగిలిపోయే రోజుల్లో అతనికి ఆ ఆశ పుడుతుందని నాకు తెలుసు.

మిత్రులారా! చెయ్యి తెలిసినవాడికి లెక్క తెలియదు, లెక్క తెలిసినవాడికి చెయ్యి రాదు. ఈ రెంటి మధ్య గోడ కట్టింది మన చదువే. మన ఫిజిక్సు ల్యాబులో కప్పీలున్నాయి, తిరుగు చక్రాలున్నాయి. ఒక్క చైను స్ప్రాకెట్ లేదు. విద్యార్థి సంఘం వారికి నా విన్నపం. ఈ ఏడాది వార్షికోత్సవం పందిరి ఖర్చులో కొంత తగ్గించి, పాత ఇనుము కొట్టులో ఒక మోటారు సైకిల్ వెనక చక్రం, గేర్‌బాక్సు, మూడు నాలుగు సైజుల స్ప్రాకెట్లు కొని ల్యాబుకు ఇవ్వండి. స్ప్రింగు త్రాసు ఒకటి తగిలిస్తే చాలు, ప్రయోగం సిద్ధం. ఒక రోజు పలమనేరు భాయ్ లాంటి మెకానిక్ ఎవరినైనా పిలిచి, మన లెక్చరర్ల పక్కన నిలబెట్టండి. ఇద్దరికీ కొంత లాభం, మనకు ఎక్కువ లాభం.

మొన్న ఊరికి పోయినప్పుడు మా అన్న మళ్ళీ అడిగాడు: "ఆవుల కొట్టం కాడ మోటారు, ఎండాకాలంలో నీళ్ళు తక్కువ పోస్తుంది, ఎందుకురా?" ఈసారి "తెలుసుకుని చెప్తానన్నా" అన్నాను. ఇంకా తెలుసుకుంటూనే ఉన్నాను. మీలో ఎవరికైనా తెలిస్తే, హాస్టలుకు వచ్చి చెప్పగలరు.