స్థూలకాయమునకు శస్త్రచికిత్స

బొజ్జను కలిమికి గురుతుగా నెంచిన కాలము గతించినది. స్థూలకాయమును కత్తితో కుదుర్చుదుమను ఆసుపత్రుల ప్రకటనలు నేడు మన నగరములలో విరివిగా గానవచ్చుచున్నవి. ఇది ధనికుల వేడుక యని నవ్వి యూరకుండుటకు వీలులేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనము ననుసరించి, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో మితిమించిన బరువు గలవారు దేశమున నూటికి 24 మంది కాగా, తెలంగాణమున 30, ఆంధ్రప్రదేశమున 36 మంది.

ఈ చికిత్స నిన్న మొన్నటిది కాదు. 1954లో అమెరికాలోని మిన్నెసోటాయందు ప్రేవులలో అధికభాగమును ఆహారమునకు తప్పించు పద్ధతిని ప్రయోగించిరి. కొందఱు రోగుల కాలేయములు చెడుటచే తుదకది విడువబడినది. 1966లో అయోవాలో డాక్టరు మేసన్ జీర్ణాశయమునే చిన్నదిగా జేసి ప్రేవునకు గలుపు మార్గమును జూపెను. నేడెక్కువగా జరుగుచున్న ‘స్లీవ్’ పద్ధతిలో జీర్ణాశయమున ముప్పాతిక భాగమును కోసి తీసివేయుదురు. ఆకలి పుట్టించు గ్రెలిన్ అను ద్రవమును దానితో తగ్గును. ఫలితము బూటకము కాదు. స్వీడను దేశమున 1987లో ఆరంభమైన పరిశోధనము, శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు తక్కువయని 2007లో తేల్చినది. మధుమేహము పలువురికి అణగును, కొందఱికి కొన్నియేండ్లకు మరల దలయెత్తును.

అయితే కోసిన జీర్ణాశయము తిరిగి రాదు. బి12 విటమినును, ఇనుమును, సున్నపు ధాతువును జీవితాంతము పుచ్చుకొనుచు, రక్తపరీక్షలు చేయించుకొనుచుండవలెను. ప్రకటనలలో నవ్వుమోములకున్న చోటు ఈ మాటకు లేదు.

ఇక భీమా సంగతి. ఎత్తునుబట్టి బరువును గణించు బి.ఎం.ఐ. అను అంకము 40 అయినను, తీవ్రవ్యాధితో గూడి 35 అయినను ఉండవలెనని 1991లో అమెరికా వైద్యులు నిర్ణయించిరి. మన భీమా నియంత్రణ సంస్థ 2019లో ఆ యంకెలనే గైకొన్నది. కాని, మనవారికి తక్కువ బరువుననే మధుమేహము సోకుచున్నది. అందుచేతనే 2022లో శస్త్రవైద్య సంఘములు ఆసియావాసులకు 27.5 దాటినచో ఈ చికిత్స సూచింపవచ్చునని మార్చినవి. 160 సెంటీమీటర్ల పొడవుగల స్త్రీకి 27.5 అనగా 70 కిలోలు, 35 అనగా 90 కిలోలు. ఈ నడుమనున్నయామెకు వైద్యుడు కోయవచ్చుననును, భీమా కంపెనీ కానియీయననును. రొక్కమున్నవారు చేయించుకొందురు, లేనివారు పొలము తాకట్టు పెట్టవలసినదే. అమెరికా దేహములకు గీసిన గీత మన దేహములకు సరిపడునా యని అడిగినవా రెందఱు?

అట్లని గీతను అందఱికి దింపుమనుట మా యభిమతము కాదు. అట్లు చేసినచో లాభపడునది రోగికంటె ముందు ఆసుపత్రి. 2025లో మన దేశమునకు వచ్చిన టిర్జెపటైడ్ వంటి వారపు సూదిమందులును బరువును బాగుగనే తగ్గించుచున్నవి. మానినచో పోయిన బరువు చాలవఱకు తిరిగి వచ్చుననుట వేఱు మాట. కావున మందులకు లొంగని మధుమేహము గలవారికి మాత్రమే భీమాసంస్థ తన యంకెను తగ్గింపవలెను. చికిత్స చేసిన ఆసుపత్రి అయిదేండ్లు రోగిని పరీక్షించి, ఆ లెక్కలను బహిరంగముగా ప్రకటింపవలెను. అట్టి పూచీ వహింపని ఆసుపత్రికి భీమా సొమ్ము చెల్లింపరాదు.